ఫర్ష్ కింది మరమ్మతు

మనం రోజూ వాడే ఒక మాటతో మొదలుపెడతాను. మరమ్మతు. చెరువు గట్టు మరమ్మతు, మోటారు మరమ్మతు, మసీదు మినార్ మరమ్మతు. అరబీలో పుట్టి, ఫార్సీ దఫ్తర్లలో తిరిగి, ఉర్దూ మీదుగా మన పల్లెల దాకా వచ్చిన మాట ఇది. బ్రిటిష్ జమానాలో మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువులు, కాలువలు బాగుచేయించే సర్కారీ ఏర్పాటుకే మరామత్ అని పేరుండేది. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లోనూ ఇదే మాట విన్నాను, తర్వాత డిగ్రీలో తెలుగు చదివినప్పుడూ ఇదే మాట విన్నాను. రెండు భాషల మధ్య తిరిగే నాలాంటివాడికి ఇటువంటి మాటలు రెండిళ్ల మధ్య ఉన్న దర్వాజా లాంటివి.

మన తారీఖ్ పుస్తకాల్లో మాత్రం ఈ మాటకు జగా తక్కువ. ఫలానా బాద్‌షా ఫలానా సంవత్సరంలో ఫలానా ఇమారత్ కట్టించాడు అని రాస్తారు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు దాన్ని ఎవరు నిలబెట్టారు, పగిలిన చోట ఎవరు అతికారు, అందుకు పైసలు ఎక్కడి నుంచి వచ్చాయి అనేది రాయరు. ఈ లోటు బాగా తెలిసేది కంటికి కనబడని కట్టడాల దగ్గర. అలాంటి ఒక కట్టడం గురించే ఈ వ్యాసం. చలి దేశాల్లో ఇంటి ఫర్ష్‌ను కింది నుంచి వెచ్చబెట్టే ఏర్పాటు ఉంటుంది. ఇవాళ కాంక్రీటులో ప్లాస్టిక్ గొట్టాలు పాతి వాటిలో గోరువెచ్చని నీళ్లు తిప్పుతారు. రెండు వేల ఏళ్ల కిందట అదే ఫర్ష్ కింద నిప్పూ పొగా తిప్పేవాళ్లు. పైన నడిచేవాడికి పాదాలకు హాయి తప్ప ఇంకేమీ తెలియదు. ఎక్కడైనా పగుళ్లు వచ్చిన రోజున మాత్రం కింద ఏముందో, ఎవరున్నారో తెలుస్తుంది. అందుకే ఒక్కొక్క కౌమ్‌నూ నేను ఒకే సవాల్ అడుగుతూ వస్తాను: దాచిపెట్టింది పాడైతే తెరవడానికి దారి ఉంచారా?

బంతి దొర్లే నేల

రోమన్ల నుంచి మొదలుపెడదాం. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే ఇంజనీరు కట్టడాల ఇల్మ్ మీద పది భాగాల గ్రంథం రాశాడు. అందులో అయిదో భాగంలో స్నానశాలల సంగతి ఉంది. ఎనిమిది అంగుళాల ఇటుకలతో రెండడుగుల ఎత్తు స్తంభాలు వరుసగా లేపాలి. వాటి మీద రెండడుగుల పలకలు పరచి, ఆపైన ఫర్ష్ వేయాలి. ఒక పక్కన భట్టీ. భట్టీ మంట, వేడి గాలి స్తంభాల మధ్య తిరుగుతాయి. అడుగు నేల భట్టీ వైపు వాలుగా ఉండాలట. ఎంత వాలుగా అంటే, లోపలికి ఒక బంతి విసిరితే అది నిలవకుండా దొర్లుకుంటూ భట్టీ దగ్గరికే తిరిగి రావాలి.

ఈ కొలతల్లో నాకు నచ్చింది ఆ రెండడుగుల ఎత్తు. సన్నటి మనిషి పాక్కుంటూ పోవడానికి సరిపోయే ఎత్తు అది. మసి తీయాలన్నా, విరిగిన ఇటుక మార్చాలన్నా చేయి పోవడానికి చోటు ఉంది. ఆ చోటులో పాకిందీ, భట్టీలో కట్టెలు వేసిందీ ఎవరంటే రోమన్ల గులాములు. పైన నీళ్లలో కూర్చుని సియాసత్ మాట్లాడుకున్నవాళ్ల పేర్లు మనకు తెలుసు. కింద ఉన్నవాళ్ల పేర్లు తెలియవు.

జహన్నమ్ అనే కింది అంతస్తు

రోమన్ల రాజ్యం పోయాక పడమటి యూరప్‌లో ఈ హునర్ చాలా వరకు మరుగున పడింది. తూర్పున మాత్రం చేతులు మారి బతికింది. జోర్డాన్ ఎడారిలో ఖుసైర్ అమ్రా అని ఉమయ్యద్ ఖలీఫాల కాలం నాటి చిన్న ఇమారత్ ఉంది. ఎనిమిదో శతాబ్దం నాటిది. గోడల మీది బొమ్మల వల్ల దానికి పేరొచ్చింది. 1985లో యునెస్కో జాబితాలో చేరింది. దాని హమాంలోనూ వేడి గది ఫర్ష్ అచ్చం రోమన్ తరహాలోనే కింది నుంచి వేడెక్కేది. అలా రోమన్ స్నానశాల అరబ్బుల హమాం అయింది.

హమాం అనగానే మనవాళ్లకు సబ్బు గుర్తొస్తుంది. మా నానీకి మాత్రం హమాం అంటే పెరట్లో పొగలు కక్కే రాగి బాయిలర్. మధ్యలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. ఉర్దూలో ఒక సామెత కూడా ఉంది, ఈ హమాంలో అందరూ నంగాగానే ఉన్నారని. లీడర్ల అవినీతి గురించి రాసేటప్పుడు మా జర్నలిస్టులు దీన్ని అరగదీసి వదిలిపెట్టారు. సామెత చెప్పేవాళ్లకు హమాం లోపల ఉన్నవాళ్లే కనబడ్డారు. హమాం కింద బట్టలన్నీ మసిచేసుకుని కూర్చున్నవాడు కనబడలేదు.

తుర్కీవాళ్ల భాషలో అతని చోటుకు పేరుంది. హమాం ఫర్ష్ కింద మంట తిరిగే ఖాళీని వాళ్లు జహన్నమ్‌లిక్ అంటారు. అంటే నరకపు చోటు. పైన చలువరాతి పలక మీద పడుకున్నవాడికి జన్నత్, దాని కిందే జహన్నమ్. భట్టీని కుల్ఖాన్ అంటారు. ఫార్సీలో, ఉర్దూలో గుల్ఖన్ అన్న మాట అదే. ఇస్తాంబుల్‌లో దిక్కులేని యతీమ్ పిల్లలు చలికాలంలో ఈ భట్టీల పక్కనే పడుకునేవాళ్లు. వాళ్లకు కుల్ఖాన్ బేలు అని పేరు. అంటే భట్టీ దొరలు. రానురాను ఆ మాటకు అర్థం రౌడీ అని మారింది. పేదవాడి ఆసరా చోటు కాస్తా తిట్టు అయిపోవడం ఒక్క తుర్కీలోనే జరిగింది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంత పెద్ద ఏర్పాటు వందల ఏళ్లు ఎలా నడిచింది? జవాబు వక్ఫ్‌లో ఉంది. ఇస్తాంబుల్‌లో చెంబెర్లితాష్ హమాం 1584లో కట్టారు. కట్టించింది సుల్తాన్ మూడో మురాద్ తల్లి నూర్‌బానూ సుల్తాన్, నక్షా గీసింది మిమార్ సినాన్ అని చెబుతారు. హమాం ఆమ్దనీ అంతా ఆమె ఉస్కుదార్‌లో కట్టించిన మసీదు, మదరసా, లంగర్‌ఖానాలకు పోవాలి. అంటే స్నానానికి ఇచ్చిన పైసలతో గరీబుల కడుపు నిండేది. ఇక్కడ హనఫీ ఫిఖ్‌లో ఒక ఉసూల్ ఉంది. వక్ఫ్ ఆస్తి మీద వచ్చే ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే. వక్ఫ్ చేసినవాడు ఆ షరతు రాసినా రాయకపోయినా సరే. మరమ్మతు అయ్యాకే మిగిలింది హక్‌దారులకు. ఆస్తి కూలిపోతే హక్కు ఎక్కడ ఉంటుంది అనే సీదా హిసాబ్ ఇది. ఆ హమాం ఇప్పటికీ నడుస్తోంది.

అదే హిసాబ్ తెగిపోతే ఏమవుతుందో లాహోర్ చెబుతుంది. షాజహాన్ కాలంలో పంజాబ్ సుబేదార్ వజీర్ ఖాన్ 1635లో ఢిల్లీ దర్వాజా దగ్గర షాహీ హమాం కట్టించాడు. తాను కట్టిస్తున్న మసీదు పోషణ కోసమే దాన్ని కూడా వక్ఫ్‌లో చేర్చాడు. మొఘల్ హుకూమత్ సడలాక హమాం చల్లబడింది. తర్వాతి రోజుల్లో ఆ గదుల్లో బడి నడిచింది, దవాఖానా నడిచింది, దఫ్తర్లు నడిచాయి. పిల్లలు కూర్చుని పాఠాలు చదివిన నేల కింద ఏముందో అడిగినవాళ్లు లేరు. 2013 తర్వాత ఆగా ఖాన్ ట్రస్ట్, లాహోర్ వాల్డ్ సిటీ అథారిటీ కలిసి తవ్వి చూస్తే పాత ఫర్ష్ కింద వేడి గాలి దారులు, నీటి కాలువలు, భట్టీ బయటపడ్డాయి. ఇప్పుడు కొన్ని చోట్ల నేలను తెరిచే ఉంచి, పైనుంచి చూడటానికి వీలు చేశారు. కట్టినప్పుడు దాచిందంతా ఇవాళ ముఖ్యమైన తమాషా అయింది. చూడటానికి బాగుంది. వెచ్చదనం మాత్రం రాదు.

మన గోల్కొండ కూడా ఈ సంగతిలో గవాహ్ నిలుస్తుంది. అక్కడిది ఫర్ష్ కింది మంట కథ కాదు, గోడలో దాచిన నీళ్ల కథ. కింద నుంచి అంచెలంచెలుగా నీళ్లు పైకెక్కించి, కాల్చిన మట్టి గొట్టాల ద్వారా మహళ్లకు, బాగులకు, హమాంలకు పంపారు. ఆ గొట్టాలు గోడ లోపలే ఉన్నాయి. గోడ విరిగిన చోట ఇవాళ టూరిస్టు వేలు పెట్టి చూస్తాడు. 1687లో కోట పడిపోయాక ఆ గొట్టాలకు నీళ్లు పెట్టేవాడు, పగిలిన గొట్టం మార్చేవాడు లేకుండా పోయాడు. గైడ్ చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినిపిస్తాడు కానీ ఈ సంగతి చెప్పడు.

పగులులోంచి వచ్చే మౌత్

ఫర్ష్ కింద నిప్పు ఇవాళ్టికీ రగిలే చోటు మన దేశంలోనే ఉంది. కాశ్మీర్ మసీదుల్లో హమాం అంటే నమాజ్‌కు ముందూ వెనకా అందరూ చేరే వెచ్చని గది. చెక్కిన రాతి పలకల ఫర్ష్, దాని కింద ఖాళీ, బయటి వైపు నుంచి కట్టెలు వేసే మూతి. ఆ మంటకే వజూ నీళ్లు కూడా కాగుతాయి. చాలాకాలం కిందట ఒక చలికాలంలో రిపోర్టింగ్ పనిమీద శ్రీనగర్ వెళ్లినప్పుడు అలాంటి గదిలో కూర్చున్నాను. ధరల నుంచి హుకూమత్ దాకా అన్ని కబుర్లూ అక్కడే. చలిని తట్టుకోలేని హైదరాబాదీని చూసి ఒక ముసలాయన నవ్వుతూ గోడ పక్కనుంచి భట్టీకి దగ్గరి పలక మీదకు జరగమన్నాడు. పలక పగిలితే ఏం చేస్తారు చాచా అని అడిగాను. ఆ ఒక్క పలకే లేపి మారుస్తాం బేటా, మొత్తం ఎందుకు తవ్వుతాం అన్నాడు. పగులును నిర్లక్ష్యం చేస్తే పొగ గదిలోకి వస్తుందని కూడా చెప్పాడు.

ఆ పొగ మాట చిన్నది కాదు. కొరియాకు వెళ్తే అది మౌత్ అవుతుంది. కొరియావాళ్ల ఒండోల్ ఫర్ష్ వేడి ఏర్పాట్లలో చాలా పాతది. వంటింటి పొయ్యి మంట, పొగ పక్క గది నేల కింద రాళ్ల మధ్య కాలువల్లో తిరిగి అవతలి పొగగొట్టం గుండా పోతాయి. అన్నం ఉడికిన వేడితోనే గది వెచ్చబడుతుంది. ఫర్ష్ మీద మట్టి అలికి, నూనె పట్టించిన కాగితం అతికిస్తారు. ఆ కాగితం అందానికే కాదు, పొగ పైకి రాకుండా కూడా. కాలువల్లో మసి పేరుకుంటే రాళ్లు లేపి శుభ్రం చేసి మళ్లీ పరవాలి.

కట్టెలు వాడినంత కాలం ఈ పద్ధతి నడిచింది. కొరియా యుద్ధం తర్వాత నగరాలు ఉబ్బిపోయాయి, అడవులు కరిగిపోయాయి. కట్టెల బదులు బొగ్గు పొడితో చేసిన, చిల్లులున్న గుండ్రటి దిమ్మెలు వచ్చాయి. వాటిని యొంటాన్ అంటారు. చవక, రాత్రంతా కాలతాయి. వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. కట్టె పొగ కళ్లు మండించి, దగ్గు తెప్పించి మనిషిని లేపుతుంది. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. ఫర్ష్‌లో వెంట్రుకంత పగులు చాలు. వెచ్చగా ముడుచుకుని పడుకున్న కుటుంబం పొద్దున లేవదు. 1960ల నుంచి 1980ల దాకా చలికాలమంతా కొరియా పత్రికల్లో ఇలాంటి ఖబర్లు వస్తూనే ఉండేవి. చనిపోయినవాళ్లలో కిరాయి గదుల్లో ఉండే మజ్దూర్లు, చదువుకోవడానికి పట్నం వచ్చిన పిల్లలు ఎక్కువ. ఇల్లు ఒకరిది, నిద్ర ఇంకొకరిది. పగులు పూడ్చాల్సినవాడు అక్కడ పడుకోడు.

చివరికి కొరియా ఒండోల్‌ను వదలలేదు, ఒండోల్ నుంచి పొగను తీసేసింది. బాయిలర్‌లో నీళ్లు కాచి, ఫర్ష్‌లో పాతిన గొట్టాల్లో తిప్పడం మొదలుపెట్టింది. ఇవాళ అక్కడి ఇరవై అంతస్తుల ఫ్లాట్లలోనూ నేల అలాగే వెచ్చగా ఉంటుంది. 2018లో ఒండోల్ సంస్కృతిని జాతీయ వారసత్వంగా గుర్తించారు. నిప్పు పోయి నీళ్లు వచ్చాయి. పగులు వస్తే ఇక ప్రాణం పోదు, ఇల్లు తడుస్తుంది. పెద్ద మార్పే ఇది. అయితే మరమ్మతు తప్పలేదు, దాని తరహా మారిందంతే.

రాగి, ఇనుము, ప్లాస్టిక్

నీళ్ల గొట్టాల కథలో అమెరికా పాత్ర పెద్దది. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పని మీద వెళ్లిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ ఒక ధనికుడి ఇంట్లో కొరియా గదిలో కూర్చున్నాడు. పొయ్యి కనబడదు, గది మాత్రం వెచ్చగా ఉంది. ఆ అనుభవం అతని మనసులో ఉండిపోయింది. 1937లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ పట్నంలో ఒక జర్నలిస్టు కుటుంబానికి కట్టిన చిన్న ఇంట్లో కాంక్రీటు ఫర్ష్ కింద గొట్టాలు వేయించాడు. జర్నలిస్టు ఇల్లు గనుక చవకగా కట్టాలన్నది షరతు, ఆ బాధ నాకు తెలుసు.

పదేళ్లకే ఆ పద్ధతి మామూలు మనిషి ఇంటికి వచ్చింది. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ కంపెనీ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల కోసం ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో పదిహేడు వేలకు పైగా ఇళ్లు. ఆ ఇళ్లకు నేలమాళిగ లేదు, కాంక్రీటు పలక ఒక్కటే. దానిలోనే రాగి గొట్టాల చుట్టలు పాతేశారు. పని జల్దీగా అయ్యింది, ఖర్చు తగ్గింది. గొట్టానికి, చేతికి మధ్య మాత్రం నాలుగంగుళాల కాంక్రీటు గోడలా నిలబడింది.

కాంక్రీటు ఏళ్ల తరబడి సాగుతుంది, ముడుస్తుంది, చీలుతుంది. రాగి కూడా సాగుతుంది, ముడుస్తుంది, కానీ వేరే లెక్కలో. ఎక్కడో ఒక అతుకు దగ్గర, ఎక్కడో ఒక రాయి రాసుకున్న చోట గొట్టం కారడం మొదలైంది. ముప్పై నలభై ఏళ్లు గడిచేసరికి చాలామంది విసిగిపోయి ఫర్ష్‌ను తవ్వలేక పాత గొట్టాలను అక్కడే వదిలేసి, గోడ వెంట కొత్త హీటర్లు పెట్టుకున్నారు. రోమన్ల రెండడుగుల ఖాళీని వదులుకున్నందుకు చెల్లించిన జుర్మానా అది.

జవాబు ప్లాస్టిక్‌లో దొరికింది. పాలిథీన్ 1933లో ఇంగ్లండ్‌లోని ఒక ల్యాబ్‌లో అనుకోకుండా పుట్టింది. మామూలు పాలిథీన్ వేడి తగిలితే మెత్తబడుతుంది, కనుక వేడినీళ్లకు పనికిరాదు. 1968లో థామస్ ఎంగెల్ అనే జర్మన్ దాని అణువుల పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే తరీఖా కనిపెట్టాడు. విడివిడి దారాలు గుట్టగా పడి ఉంటే లాగిన కొద్దీ జారిపోతాయి. అవే దారాలు ముడులు వేసి వలగా అల్లితే లాగినా ఆకారం నిలుస్తుంది. మన కొల్లేరు జాలరికి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ వల అల్లిన ప్లాస్టిక్‌నే ఇవాళ పెక్స్ అంటారు. తుప్పు పట్టదు, వంగుతుంది, వంద మీటర్ల చుట్ట ఒక్క అతుకు కూడా లేకుండా నేలంతా తిరుగుతుంది. ఎంగెల్ తరహా పెక్స్‌కు ఒక యాద్‌దాశ్త్ కూడా ఉంది. నొక్కుకుపోయి మడత పడితే వేడి గాలి తుపాకీతో మెల్లగా వెచ్చబెడితే తన పాత ఆకారానికి అదే వస్తుంది. మంట తగిలించకూడదు. అన్ని రకాల పెక్స్‌కూ ఈ వైద్యం పనికిరాదు. ఏ రకమో గొట్టం మీది అచ్చు చదివి తెలుసుకోవాలి.

ప్లాస్టిక్ కూడా తన గుణపాఠాలు నేర్పింది. గొట్టం గోడ గుండా గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి చొరబడి, ఎక్కడో బాయిలర్‌లోని ఇనుమును తుప్పు పట్టించింది. గొట్టం నిక్షేపంగా ఉంది, బాయిలర్ చచ్చింది. దాంతో గొట్టం పైన ఆక్సిజన్‌ను ఆపే పలుచని పొర వేయడం మొదలైంది. పాలిబ్యూటిలీన్ అని ఇంకో ప్లాస్టిక్ 1978 నుంచి 1995 దాకా అమెరికా ఇళ్లలో నల్లా గొట్టాలుగా విపరీతంగా వాడారు. నీళ్లలో కలిపే క్లోరిన్‌కు గొట్టం, దాని అతుకులు పెళుసుబారి పగిలాయి. కేసు అదాలత్‌కు వెళ్లి, 1995లో కంపెనీలు 95 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకున్నాయి. ఎవరికీ కనబడదులే అని గోడలో పెట్టింది అందరికీ కనబడింది.

నా ఖాలా కొడుకు చూపించిన గుంత

మినెసోటాలో ఉంటున్న నా ఖాలా కొడుకు ఇంట్లో రెండేళ్ల కిందట ఇలాంటి మరమ్మతు జరిగింది. కొత్త చెక్క ఫర్ష్ వేయడానికి వచ్చినవాళ్లు గుమ్మం పట్టీ బిగిస్తూ కాంక్రీటులోకి డ్రిల్ దింపారు. వాళ్లు వెళ్లిపోయిన రెండు రోజులకు బాయిలర్ మీటర్‌లో ప్రెషర్ పడిపోవడం మొదలైంది. బయట చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. భాయీజాన్, ఇల్లంతా తవ్వాలంటారేమో అని వాడు కంగారుగా ఫోన్ చేశాడు. మరమ్మతు చేసే మనిషి వచ్చాక వీడియోలో మొత్తం చూపించాడు. నేను జర్నలిస్టును కదా, అడుగడుగునా సవాళ్లు వేస్తూనే ఉన్నాను.

వచ్చిన కారీగర్ అరవై దాటిన మనిషి. ముందు గోడ అల్మారా తెరిచాడు. అక్కడ ఇత్తడి పంపిణీ గొట్టం ఉంది, మేనిఫోల్డ్ అంటారు. ఒక్కో గదికి పోయే ఒక్కో చుట్టకూ ఒక్కో వాల్వ్. అన్నీ మూసేసి ఒక్కో చుట్టలో గాలి నింపి చూశాడు. మూడోదానిలో ముల్లు నిలవలేదు. తప్పు చేసింది ఆ చుట్టే. మిగతావాటిని తెరిచి ఇల్లు చల్లబడకుండా చూశాడు. పిల్లలు పడుకునే గది వెచ్చగా ఉంది గదా అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత మూడో చుట్టలోకి వేడినీళ్లు పంపి, వేడిని రంగుల్లో చూపే కెమెరా పట్టుకుని నేల మీద తిరిగాడు. గొట్టం దారి పచ్చగా సన్నటి గీతలా కనబడింది. గుమ్మం దగ్గర ఆ గీత చెదిరి ఎర్రటి మచ్చలా పరచుకుంది. అక్కడ జానెడు వెడల్పు గుంత తీశాడు. పైపొరకు యంత్రం వాడాడు. గొట్టం దగ్గర పడేసరికి యంత్రం పక్కన పెట్టి చిన్న ఉలి, సుత్తి తీసుకున్నాడు. యంత్రం తొందరపడుతుంది, చెయ్యి ఆగుతుంది అని వాడితో అన్నాడట.

డ్రిల్ పోటు సూది బెజ్జమంత ఉంది. దాని మీద టేపు చుట్టో, జిగురు పూసో వదిలేయడం కుదరదు. గొట్టం లోపల ప్రెషర్ ఉంటుంది, వేడికి సాగుతూ ముడుస్తూ ఉంటుంది. అందుకే దెబ్బతిన్న ముక్కను రెండు వైపులా నిటారుగా కోసి తీసేశాడు. అదే కొలత కొత్త ముక్క, రెండు కొసల్లో రెండు ఇత్తడి అతుకులు, వాటి మీద రాగి వలయాలు పెట్టి పటకారు లాంటి పరికరంతో బిగించాడు. వలయం సరిగ్గా బిగిసిందో లేదో ఒక చిన్న గేజ్ పెట్టి చూశాడు. పూడ్చకముందే గాలి నింపి, ముల్లు కదలకుండా నిలిచేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సిమెంటు తగిలితే ఇత్తడి తినేస్తుందని అతుకుల మీద తొడుగు వేశాడు. ఆ తర్వాతే గుంత పూడ్చాడు.

వెళ్లేముందు ఇంకో పని చేశాడు. అతుకు రెండు గోడల నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉందో టేపుతో కొలిచి, ఒక కాగితం మీద గది బొమ్మ గీసి, తారీఖు వేసి, అల్మారా తలుపు లోపలి వైపు అతికించాడు. దీనికి పైసలు అడగలేదు. తర్వాత వచ్చేవాడు వెతుక్కోకుండా ఉండాలి కదా అన్నాడు. ఆ తర్వాత వచ్చేవాడు ఎవరో అతనికి తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత కావచ్చు. హనఫీ ఫిఖ్ ఆయన చదివి ఉండడు, కానీ మన ఫఖీహులు వక్ఫ్ గురించి చెప్పిన హిసాబ్ ఆ కాగితంలో ఉంది.

మన ఇళ్ల సంగతి

మన తెలుగు రాష్ట్రాల్లో ఫర్ష్‌ను వెచ్చబెట్టే అవసరం లేదు. మే నెలలో మన ఫర్ష్‌లు వాటంతట అవే వేడెక్కుతాయి. అయినా హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో మనం కూడా దాచడం నేర్చుకున్నాం. ఒకప్పుడు నల్లా గొట్టం గోడ మీద బాజాప్తాగా కనబడేది. లీకైతే చిన్నపిల్లవాడు కూడా వేలు పెట్టి చూపించేవాడు. ఇప్పుడు బాత్రూం గొట్టాలన్నీ టైల్స్ వెనక ప్లాస్టరులో ఉంటాయి. ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ అతుకు ఉందో గోడ కట్టిన మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీ పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి, పని అయిపోగానే ఇంకో సైటుకు వెళ్లిపోయి ఉంటాడు. కింది ఫ్లాటువాళ్ల సీలింగ్ మీద తడి మరక కనబడ్డ రోజున రెండిళ్ల మధ్య ఝగడా మొదలవుతుంది. ప్లంబర్ వచ్చి అంచనాగా నాలుగు టైల్స్ పగలగొడతాడు, లీక్ అయిదో దాని వెనక ఉంటుంది. ఆ టైల్ రంగు ఇప్పుడు బజార్లో దొరకదు.

కనుక ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నా గుజారిష్ ఇంతే. గోడకు ప్లాస్టర్ వేయకముందు, నేలకు కాంక్రీటు పోయకముందు ప్రతి గదినీ ఫోటో తీయండి, పక్కన కొలత టేపు పెట్టి తీయండి. పూడ్చే ముందు ఒక రాత్రంతా గొట్టాల్లో ప్రెషర్ నిలిపి చూడమనండి. ఒక్కో బాత్రూముకు ఒక్కో వాల్వ్ విడిగా పెట్టించండి, అది చేతికి అందే చోట ఉండాలి. మిగిలిన టైల్స్ ఒక పెట్టె అటక మీద దాచండి. మరమ్మతుకు వచ్చిన మనిషికి చాయ్ ఇచ్చి, ఏం చేశాడో ఒక కాగితం మీద రాయించుకోండి. అపార్టుమెంటు కమిటీల్లో ఉన్నవాళ్లయితే, రంగులకు, లైట్లకు ముందు మరమ్మతు పద్దు తీసి పక్కన పెట్టండి.

లాహోర్ హమాం నేల కింద దారులు బయటపడటానికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. మినెసోటాలో ఆ అరవై ఏళ్ల కారీగర్‌కు ఒక పూట పట్టింది. ఈసారి మా ఖాలా కొడుకు ఇంటికి ఎవరైనా డ్రిల్ పట్టుకుని వస్తే, వాడు ముందుగా అల్మారా తలుపు తెరిచి ఆ కాగితం చూపిస్తానంటున్నాడు.